పంటు ఎక్కే పిల్లలకు ఉత్ప్లవనం

ఫిజికల్ సైన్స్ చెప్పే మాస్టార్లకూ మేడమ్‌లకూ నమస్కారం.

నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి సఖినేటిపల్లి వెళ్లొచ్చే పిల్లలు మన తరగతుల్లో ఉన్నారు. లారీలను మోసే ఇనుప పంటు తేలుతుంది, చిన్న మేకు మునుగుతుంది. ఎందుకని అడిగితే "బరువైతే మునుగుద్దండి, తేలికైతే తేలుద్దండి" అంటారు. రోజూ పంటు చూస్తున్నా అదే జవాబు. ఆర్కిమెడిస్ సూత్రాన్ని బోర్డు మీద రాసి బట్టీ పట్టించినంత మాత్రాన ఈ అభిప్రాయం పోదు. నీరు పైకి తోసే బలం, అంటే ఉత్ప్లవనం, వాళ్ల చేతికి తెలియాలి.

దానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. స్ప్రింగ్ త్రాసు, దారం, నల్లరాయి, కప్పు, ఖాళీ వాటర్ బాటిల్ చాలు. బాటిల్ పైభాగం కోసేసి, అంచుకు కాస్త కింద రంధ్రం పెట్టి, స్ట్రా ముక్కను కిందికి వాలుగా ఎం-సీల్‌తో బిగించండి. స్ట్రాలోంచి కారేదాకా నీళ్లు పోసి, చుక్కలు ఆగేదాకా ఆగండి. ఇక్కడ తొందరపడితే లెక్క తప్పుతుంది. ఒక చుక్క షాంపూ కలిపితే నీరు స్ట్రా చివర వేలాడకుండా జారిపోతుంది.

రాయిని దారంతో త్రాసుకు వేలాడదీసి, స్ట్రా కింద కప్పు పెట్టండి. రాయిని ముంచే ముందు, త్రాసు ముల్లు ఎక్కడ ఆగుతుందో ప్రతి ఒక్కరిచేతా నోటుబుక్కులో రాయించండి. దయచేసి ఈ పని వదిలేయకండి. ముందుగా ఊహించని పిల్లవాడికి ఫలితం కళ్లెదుట ఉన్నా పట్టదు. గాలిలో 260 గ్రాములు తూగిన రాయిని మెల్లగా దించుతుంటే ముల్లు తగ్గుతూ వచ్చి, రాయి పూర్తిగా మునిగాక దాదాపు 160 దగ్గర నిలుస్తుంది. ఇంకా లోతుకు దించినా కదలదు. లోతుకు పోయేకొద్దీ ఇంకా తగ్గుతుందనుకునే పిల్లలు చాలామంది, అందుకే త్రాసు వాళ్ల చేతికే ఇవ్వాలి. రాయి అడుగుకు మాత్రం తగలకూడదు. కప్పులోకి పొర్లిన నీటిని తూస్తే, కప్పు బరువు పోను, 100 గ్రాములకు దగ్గరగా వస్తుంది. తగ్గిన బరువు, పొర్లిన నీటి బరువు పక్కపక్కన రాస్తే, ఆ రెండూ సమానమన్న ఆర్కిమెడిస్ సూత్రాన్ని పిల్లలే చెప్పేస్తారు.

అప్పుడు పంటు లెక్క ఇవ్వండి. పంటును 20 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పున్న పెట్టె అనుకుందాం. ఘనపు మీటరు నీరు ఒక టన్ను తూగుతుంది కాబట్టి, 5 టన్నుల లారీ ఎక్కితే 5 ఘనపు మీటర్ల నీరు తప్పుకోవాలి. అంటే పంటు ఇంకో 5 సెంటీమీటర్లు దిగితే చాలు! లోపల బోలుగా ఉండబట్టే అంత ఇనుము తేలుతోందని పిల్లలు అక్కడ పట్టుకుంటారు.

సముద్రపు నీరు లీటరు దాదాపు 1025 గ్రాములు. అంతర్వేది వైపు నుంచి ఉప్పునీరు ఎగదన్నినప్పుడు అదే పంటు పైకి లేస్తుందా, దిగుతుందా అని అడగండి. జవాబు మీరు చెప్పొద్దు. అదే బాటిల్‌లో బాగా ఉప్పు కలిపి, అదే రాయిని వాళ్లనే తూయనివ్వండి.