నోటు వెనక సంతకం

శ్రోతలకు నమస్కారం. పెళ్లికో, దవాఖాన ఖర్చుకో ప్రామిసరీ నోటు రాసి అప్పు తెచ్చుకోవడం మన వరంగల్, జగిత్యాల వైపు మామూలే. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటు మీద దావా వేయడానికి 1963 కాలపరిమితి చట్టం ఇచ్చిన గడువు మూడేళ్లు. లెక్క మొదలయ్యేది బాకీ అడిగిన రోజు నుంచి కాదు, నోటు రాసిన రోజు నుంచి. 2023 జూన్ 10న రాస్తే 2026 జూన్ 10 లోపు దావా పడాలి. ఆ రోజు కోర్టుకు సెలవైతే మళ్లీ తెరిచిన రోజు వేయొచ్చు. లాయరు నోటీసు పంపితే గడువు ఆగుతుందనుకుంటారు చాలామంది. ఆగదు.

గడువును మళ్లీ మొదటికి తెచ్చేది నోటు వెనక రాసే చెల్లు. ‘మిత్తి కింద 5 వేలు ఇచ్చాను’ అని తేదీ వేసి బాకీదారు సంతకం పెడితే, ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు. అయితే ఆ డబ్బు పాత గడువు దాటకముందే ఇచ్చి ఉండాలి. రాతా సంతకం లేకుండా నగదు చేతిలో పెడితే, పైసలు పోతాయి, గడువు పెరగదు. పైసా ఇవ్వకుండా ‘బాకీ ఉన్నాను’ అని గడువులోపు రాసి సంతకం చేసినా మూడేళ్లు కొత్తగా వస్తాయి.

మరి గడువు దాటి మురిగిపోయిన నోటు? దానికి ఆ ఒప్పుకోలు చాలదు. కానీ ‘ఆ బాకీ కడతాను’ అని సంతకంతో రాసిస్తే, 1872 కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద ఆ మాట మీద దావా వేయొచ్చు. ‘ఊరికే ఒక సంతకం పెట్టు’ అని పాత నోటు తెస్తే ముందువైపు తేదీ చూడండి. ఖాళీగా ఉన్న వెనకవైపు సంతకం అసలే వద్దు, పైన తేదీ, మొత్తం ఎవరైనా నింపుకోవచ్చు.

గల్ఫ్ వెళ్లిన వాళ్ల సంగతి వేరు. బాకీదారు దేశం బయట ఉన్న కాలాన్ని చట్టం లెక్కలోంచి తీసేస్తుంది. దుబాయిలో నాలుగేళ్లు ఉండి వచ్చి, నోటు మురిగిందనుకుంటే పొరపాటు.

తాకట్టు పెట్టిన బంగారానికీ గడువు దాటిందన్న ధీమా పనికిరాదు. దావా గడువు పోయినా బాకీ పోదు, తీర్చనిదే నగ తిరిగి రాదు. ఇల్లు, భూమి తనఖా మీద దావాకైతే 12 ఏళ్లు.

సమన్లు వస్తే మాత్రం ఇంట్లో కూర్చోవద్దు. గడువు దాటిన దావాను, ఎవరూ అడగకపోయినా, కోర్టు కొట్టేయాల్సిందే. కానీ నోటు వెనక దొంగ చెల్లు ఉంటే, ‘ఆ సంతకం నాది కాదు’ అని చెప్పాల్సింది మీరే. హాజరుకాకపోతే ఏకపక్షంగా డిక్రీ, అంటే బాకీ కట్టమనే తీర్పు, అవుతుంది, దాన్ని 12 ఏళ్ల వరకు అమలు చేయించుకోవచ్చు. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. ఫోన్ నంబరు 15100.