అప్పలరాజు, అప్పలనాయుడు: పేర్ల సార్టింగ్‌కి ఎందుకంత టైమ్?

నమస్తే అండి, మద్దిలపాలెం నుంచి మాట్లాడుతున్నాను. మొన్న ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, పైథాన్‌లో లక్ష పేర్లు అక్షరక్రమంలో పెడుతున్నాను, చాలా టైమ్ పడుతోంది. సార్ట్ అల్గారిథమ్ (వరుసలో పెట్టే పద్ధతి) మార్చెయ్యనా?" కోడ్ తెప్పించుకుని చూశాను. రెండు పేర్లను పోల్చే ఫంక్షన్ తనే రాసుకున్నాడు. పోల్చిన ప్రతిసారీ పేరు ముందున్న "శ్రీ"ని తీసేస్తున్నాడు. కలగాపులగంగా ఉన్న లక్ష పేర్లకి 15 లక్షల పైన పోలికలు జరుగుతాయి. అంటే ఒక్కో పేరునీ ముప్పై సార్లు శుభ్రం చేస్తున్నట్టే! అదే పని కీ ఫంక్షన్‌కి (పోలికలు మొదలయ్యే ముందే ఒక్కో పేరునీ సిద్ధం చేసిపెట్టేది) అప్పగిస్తే పేరుకి ఒక్కసారితో సరి. ముందు అది మార్చమన్నాను.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. మన వైజాగ్‌లో ఏ జాబితా తీసినా సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకున్నవాళ్ళు ఉంటారు. అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలస్వామి, అప్పలనరసమ్మ. గో, రస్ట్ లాంటి ప్రోగ్రామింగ్ భాషల్లో పేర్లు యూటీఎఫ్-8లో, అంటే అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిలో, ఉంటాయి. "అప్పల" అంటే అ, ప, పొల్లు, ప, ల. ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 15. అవన్నీ దాటితే గానీ "రా" వేరు, "నా" వేరు అని తెలియదు. పైగా ఒక్కో అక్షరానికున్న ఆ మూడు బైట్లలో మొదటిది తెలుగంతటికీ ఒకటే, రెండోదానికి రెండే విలువలు. మొదటి 8 బైట్లు పక్కన దాచి వాటితోనే పోల్చే కిటుకు ఒకటుంది. ఇంగ్లీషు పేర్లకి భలే పనిచేస్తుంది గానీ, అప్పలరాజు దగ్గర చతికిలబడుతుంది. పేర్లను త్వరగా పోల్చడానికి పైథాన్ 3.7లో వచ్చిన దగ్గరి దారి కూడా లాటిన్ లిపి పేర్లకే.

దీనికి నాకు బాగా నచ్చిన మందు మల్టీకీ క్విక్‌సార్ట్ అనే సార్ట్ పద్ధతి. 1997లో బెంట్లీ, సెడ్జ్‌విక్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు దీని మీద పేపర్ రాశారు. పేరంతా పోల్చదు, ఒక్క అక్షరమే చూస్తుంది. చిన్నవి ఒక గుంపు, సమానమైనవి ఒకటి, పెద్దవి ఒకటి. సమానమైన గుంపు తర్వాతి అక్షరానికి వెళ్తుంది. "అప్పల" దాటినవాళ్ళంతా ఒకచోట చేరాక, ఆ ఐదింటినీ మళ్ళీ ముట్టుకోదు. ఎంత హాయి!

ఒక్క జాగ్రత్త. పైథాన్ సార్ట్‌లో గాజువాక అప్పలరాజు, మధురవాడ అప్పలరాజు రిజిస్టర్‌లో ఉన్న వరుసలోనే ఉంటారు. మల్టీకీ క్విక్‌సార్ట్‌లో తారుమారు కావచ్చు. పేర్లు సమానమైతే వరుస నంబర్ చూడమని కోడ్‌లో రాసుకోండి.