గూగుల్ యాడ్స్‌ల 'ఫస్ట్ పేజ్ బిడ్' అంకెను నమ్మొచ్చా?

అందరికీ నమస్తే. కీవర్డ్ (ఏ మాట వెతికితే మన యాడ్ రావాలో ఆ మాట) పక్కన 'బిలో ఫస్ట్ పేజ్ బిడ్', అంటే మొదటి పేజీల రానీకె మీ బిడ్ చాలదు అని కనవడంగనే బిడ్ (ఒక్క క్లిక్‌కు ఇయ్యనీకె ఒప్పుకునే ధర) పెంచుడు మన దిక్కు దుకాణాలోళ్లకు అలవాటైపోయింది. ఆ అంకె చూపెట్టే కాలమ్‌నే ఇయ్యాల రివ్యూ చేద్దాం.

స్క్రీన్ మీద చూడుండ్రి. సెర్చ్ కీవర్డ్స్ పేజీల కాలమ్స్ బటన్ నొక్కి, వెతికే డబ్బాల 'ఫస్ట్ పేజ్' అని కొట్టుండ్రి. టిక్ పెట్టి అప్లై చేయుండ్రి. క్వాలిటీ స్కోర్ (నాణ్యతకు గూగుల్ 10కి ఇచ్చే మార్కు), దాని మూడు భాగాలు కూడ అక్కడ్నే పెట్టుకోవాలె. అవి లేకుంటే ఈ అంకె ఎందుకు అంత ఉందో సమజ్ కాదు.

ఒకప్పుడు ఇది ఖచ్చితమైన కనీస ధరనే. 2005ల గూగుల్ క్వాలిటీని బట్టి కీవర్డ్‌కు మినిమమ్ బిడ్ పెట్టింది, దానికి తక్కువైతే కీవర్డ్ ఆగిపోయేది. 2008ల దాన్ని తీసేసి, ఫస్ట్ పేజ్ అంచనా తెచ్చింది. అంచనా అంటే అంచనానే. తక్కువ పెట్టినా ఒక్కోసారి యాడ్ వస్తది, ఎక్కువ పెట్టినా ఒక్కోసారి రాదు. ఎవరన్న వెతికిన ప్రతిసారి గూగుల్ యాడ్‌ల నడుమ వేలం పెట్టి, యాడ్ దాటాల్సిన అసలు హద్దును కొత్తగ లెక్క కడతది. యాడ్ నాణ్యత, వెతికే మనిషి ఉన్న ఊరు, ఫోనా కంప్యూటరా, ఏం మాటలు కొట్టిండు, అన్నీ అండ్ల వస్తయి. పైగ ఈ అంచనా, వెతికిన మాట కీవర్డ్‌తోటి సరిగ్గ కలిసినప్పటిది (ఎగ్జాక్ట్ మ్యాచ్). దగ్గరి మాటలకు కూడ యాడ్ చూపెట్టే బ్రాడ్ మ్యాచ్ పెట్టి ఇదే అంకె పట్టుకుంటే లెక్క తప్పుతది.

మిర్యాలగూడల రెండు షాపులు 'బోర్ మోటార్ వైండింగ్' కీవర్డ్ పెట్టినయి అనుకుందాం. ఒకదాని నాణ్యత 8, ఇంకోదానిది 4. హద్దు 80. బిడ్‌ను నాణ్యతతోటి గుణిస్తే 80 రావాలె. అంటే మొదటి షాపుకు 10 రూపాయలు చాలు, రెండోదానికి 20 కావాలె. ఇప్పుడు మొదటి షాపు 20 పెట్టింది, 160 అయింది. రెండోది 25 పెట్టింది, 100 అయింది. మొదటి షాపు పైన ఉంటది, కింది 100 దాటితే చాలు కాబట్టి క్లిక్‌కు కట్టేది పన్నెండున్నర చిల్లర. కింద ఉన్న షాపు హద్దు దాటనీకె 20 కడతది. పైన ఉన్నోళ్లకే తక్కువ పడ్డది! గూగుల్ అసలు లెక్క ఇంత సాదాగ ఉండదు, తెర మీద కనవడే 1 నుంచి 10 స్కోర్‌ను వేలంల నేరుగ వాడరు కూడ. కని తీరు ఇట్లనే ఉంటది.

అందుకే అంచనా మరీ ఎక్కువ చూపెడితే జేబుల చెయ్యి పెట్టకముందు క్వాలిటీ స్కోర్ చూడుండ్రి. 'యాడ్ రెలవెన్స్' (వెతికిన మాటకు యాడ్ ఎంత సరిపోతదో) బిలో యావరేజ్ ఉంటే వైండింగ్, కొత్త మోటార్ల అమ్మకం, పైపులు ఒకటే యాడ్ గ్రూప్‌ల కలిపేసి ఉంటరు. విడగొట్టి, దేని యాడ్ దానికి రాయుండ్రి. 'ల్యాండింగ్ పేజ్' (యాడ్ నొక్కితే తెరుచుకునే పేజీ) మార్కు తక్కువ ఉంటే, వైండింగ్ కోసం నొక్కినోళ్లను హోమ్ పేజీకి తోలుతున్నరా చూడుండ్రి. ఎన్ని హెచ్‌పీ మోటార్లు చేస్తరు, ఎన్ని గంటలల్ల ఇస్తరు, ఫోన్ నంబర్, ఇవి తెరవంగనే కనవడాలె. మూడోది, యాడ్ నొక్కే అవకాశం. మొదటి హెడ్‌లైన్‌ల షాపు పేరు తీసి, పని పేరు, ఊరి పేరు పెట్టి చూడుండ్రి.

'తిప్పర్తి సబ్‌మెర్సిబుల్ మోటార్ వైండింగ్' లెక్క చిన్న ఊరి పేరుతోటి కీవర్డ్ పెడితే 'లో సెర్చ్ వాల్యూమ్', అంటే వెతికేటోళ్లు చాల తక్కువ అని పడొచ్చు. దానికి 500 పెట్టినా కదలది. ఊరి పేరు తీసేసి, లొకేషన్‌ల షాపు చుట్టూ కిలోమీటర్లు పెట్టుండ్రి. అక్కడ్నే లొకేషన్ ఆప్షన్స్‌ల 'ప్రెజెన్స్' (ఆ జాగల ఉన్నోళ్లకే చూపెట్టుడు) ఎంచుకోవాలె. లేకుంటే నల్గొండ మీద ఆసక్తి ఉన్నదని ఎక్కడో ఉన్నోళ్లకు కూడ యాడ్ పోతది, పైసలు కాలుతయి.

ఈ కాలమ్‌కు నేనిచ్చేది 10కి 6. రోగం చూపెడతది, మందు చెప్పది. కీవర్డ్ ప్లానర్‌ల (కీవర్డ్‌లు వెతుక్కునే గూగుల్ పనిముట్టు) కనవడే 'టాప్ ఆఫ్ పేజ్' బిడ్, అంటే పేజీ పైన రానీకె చూపెట్టే 'లో రేంజ్', 'హై రేంజ్' అంకెలు వేరే, వాటిని ఇండ్ల కలపకుండ్రి. 'మ్యాక్సిమైజ్ క్లిక్స్' (బిడ్‌లు గూగులే పెట్టే పద్ధతి) పెట్టినోళ్లు మ్యాక్స్ సీపీసీ లిమిట్ (ఒక్క క్లిక్‌కు దాటొద్దని పెట్టే ధర) మాత్రం ఈ అంకెతోటి ఒకసారి సరిచూసుకోవాలె. అంచనా 18 ఉన్నకాడ లిమిట్ 8 పెడితే బడ్జెట్ అట్లనే మిగుల్తది, ఫోన్ మోగది.