తిన్నదెంత, చెప్పిందెంత: ఆహార కొలత పద్ధతులను పరీక్షించడం

ఏ పదార్థం ఎంత తరచుగా తింటారో అడిగే ఆహార ప్రశ్నావళి పనికొస్తుందో లేదో తేల్చడానికి చాలామంది ఎంచుకునే దారి ఒకటుంది. అది నింపిన మనుషుల దగ్గరే 24 గంటల రీకాల్ (గడిచిన రోజంతా ఏం తిన్నారో అడిగి రాసుకోవడం) తీసుకుంటారు, రెంటి మధ్య కోరిలేషన్ (రెండు కొలతలు ఎంతమేర కలిసి పెరిగి తగ్గుతాయో చెప్పే సంఖ్య, గరిష్ఠం 1) లెక్కగడతారు, 0.6 రాగానే ప్రశ్నావళి పాసైందని రాసేస్తారు. ఈ పరీక్షను నేను పరీక్షగా లెక్కపెట్టను.

మరిచిపోయేదీ, తగ్గించి చెప్పేదీ రెండుచోట్లా ఆ మనిషే. ఆ ఉమ్మడి తప్పు కోరిలేషన్‌ను పెంచి చూపిస్తుంది. పైగా అందరూ తిన్నదాంట్లో సరిగ్గా మూడో వంతు దాచినా కోరిలేషన్ చెక్కుచెదరదు. కాబట్టి కనీసం బ్లాండ్-ఆల్ట్‌మన్ గ్రాఫు గీయండి: రెండు కొలతల మధ్య ఒక్కొక్కరి తేడాల సగటు, దానికి అటూ ఇటూ 1.96 ప్రామాణిక విచలనాలు (తేడాలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత).

అసలు కావలసింది నోటిమాటతో నిమిత్తం లేని కొలత. శక్తికి (కేలరీలకు) అది డబ్లీ లేబుల్డ్ వాటర్, అంటే హైడ్రోజన్, ఆక్సిజన్‌ల బరువైన రూపాలైన డ్యుటీరియం, ఆక్సిజన్-18 కలిపిన నీళ్లు. తాగించిన నీటిలోని డ్యుటీరియం నీటిగానే బయటికి పోతుంది. ఆక్సిజన్-18 నీటిగానూ, కార్బన్ డయాక్సైడ్‌గానూ పోతుంది. ఒకటి రెండు వారాల మూత్ర నమూనాల్లో ఈ రెండూ తగ్గే వేగాల్లోని తేడా చూసి, ఒంట్లో పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను, దాన్నుంచి ఖర్చయిన శక్తిని లెక్కిస్తారు. అది తిన్న శక్తితో సమానమయ్యేది బరువు నిలకడగా ఉంటేనే. మొదటిరోజు, చివరిరోజు తప్పకుండా తూచండి. అమెరికాలో 484 మందితో జరిగిన ఓపెన్ (OPEN) అనే అధ్యయనం ఈ కొలతతోనే పోల్చింది: మగవాళ్లు శక్తిని రీకాల్‌లో 12–14 శాతం, ప్రశ్నావళిలో 31–36 శాతం తక్కువ చెప్పారు.

ప్రోటీన్‌కు 24 గంటల మూత్రంలోని నత్రజని ఆధారం. తిన్న నత్రజనిలో సుమారు 81 శాతం మూత్రంలోకి వస్తుంది. 12 గ్రాములు తేలితే 0.81తో భాగించి, (ప్రోటీన్‌లో నత్రజని సుమారు 16 శాతం కాబట్టి) 6.25తో గుణించండి: దాదాపు 93 గ్రాముల ప్రోటీన్. ఎక్కువగా చెడేది సేకరణ దగ్గరే. మొదటిరోజు పొద్దున్నే వచ్చే మూత్రం పారబోయాలి, మర్నాటి పొద్దుటిది కలపాలి. మధ్యలో ఒక్కసారి పట్టకపోయినా ప్రోటీన్ తగ్గి కనిపిస్తుంది, నిజం చెప్పిన మనిషి ఎక్కువ చెప్పినట్టు తేలతాడు. అందుకే, మింగింది దాదాపు అంతా మూత్రంలోకి వచ్చేసే పాబా (పారా-అమినోబెంజోయిక్ ఆమ్లం) మాత్రలు, ఒక్కోటి 80 మిల్లీగ్రాములవి, రోజుకు మూడు, భోజనాలతో ఇస్తారు. ఇచ్చిన పాబాలో 85 శాతం కన్నా తక్కువ మూత్రంలో దొరికితే ఆ సేకరణను అనుమానించాలి. పాత రంగు పరీక్ష వాడుతుంటే పారాసెటమాల్ వేసుకున్నారేమో అడగండి. అది పాబా లెక్కను పెంచేస్తుంది. ఎదిగే పిల్లలు, గర్భిణులు, జబ్బుపడి లేచినవాళ్ల విషయంలో ఆ 81 శాతం చెల్లదు. నత్రజని సమతూకంలో ఉన్నవాళ్లకే, అంటే తిన్నంతా బయటికి పోయేవాళ్లకే అది.

ఒకచోట నెగ్గిన ప్రశ్నావళి ఇంకోచోటికి తన చెల్లుబాటును మోసుకుపోదు. పదార్థాల జాబితా, వడ్డన పరిమాణం, ఒకే పళ్లెంలో పంచుకు తినడం, అన్నీ మారతాయి. వీటికన్నా కంటికి ఆననిది పోషక విలువల పట్టిక. ఒక పట్టికలో పిండిపదార్థాన్ని నేరుగా కొలిచి ఉంటారు, మరోదాంట్లో మిగతావన్నీ తీసేయగా మిగిలినదాన్ని వేసి ఉంటారు. అప్పుడు రెండు దేశాల మధ్య కనిపించే తేడా తిండిదో పట్టికదో తెలియదు. యూరప్‌లో 10 దేశాల్లో తిండికీ క్యాన్సర్‌కూ సంబంధం చూడడానికి సాగిన ఎపిక్ (EPIC) అధ్యయనం ఇందుకే సుమారు 37,000 మంది దగ్గర ఒకే సాఫ్ట్‌వేర్‌తో రీకాల్ తీసుకుని, దేశాల ప్రశ్నావళులను దానితో సరిచేసింది. తర్వాత పోషక పట్టికలను ఒక పద్ధతికి తేవడం వేరే పెద్ద పనైంది.

నమూనా సంఖ్య గురించి ఒక్కమాట. 100 మందిని తీసుకుని నాలుగు వర్గాలుగా చీలిస్తే ఏ వర్గానికీ నమ్మదగిన అంచనా రాదు. వర్గానికి కనీసం 50, వీలైతే 100 ఉండాలి. సగటు తేడాను కూడా వర్గంవారీగానే ప్రకటించండి. అధిక బరువున్నవాళ్లు మిగతావాళ్లకన్నా ఎక్కువ తగ్గించి చెబుతారు కాబట్టి, అందరికీ ఒకే దిద్దుబాటు వేస్తే పోలిక తలకిందులయ్యే ప్రమాదముంది.