ఇస్మెత్ ఇనోను: సేనాని నుంచి దేశాధ్యక్షుడి దాకా | జీవిత రివ్యూ

నమస్తే అండి. టర్కీ చరిత్ర అనగానే చాలామంది ఆ రిపబ్లిక్‌ను స్థాపించిన ముస్తఫా కెమాల్ (అతాతుర్క్) దగ్గరే ఆగిపోతారు. ఈ రోజు మనం చూసేది ఆయన కుడిభుజం, 1938 నుంచి 1950 దాకా అధ్యక్షుడు, ఇస్మెత్ ఇనోను జీవితం. నా తీర్పు ముందే చెప్పేస్తాను. సేనానిగా మధ్యరకం. సంధి చర్చల్లో మాత్రం మహా ఘటికుడు.

1884లో ఇజ్మీర్‌లో పుట్టారు. ఫిరంగి దళంలో చదివి యెమెన్, కాకసస్, పాలస్తీనాల్లో ఆటోమన్ సైన్యంలో పనిచేశారు. 1921 జనవరిలో, మళ్లీ మార్చి ఆఖర్లో ఇనోను అనే ఊరి దగ్గర, టర్కీలోకి చొచ్చుకొచ్చిన గ్రీకు సేనల్ని ఆపారు. తర్వాత ఆ ఊరి పేరే ఆయన ఇంటిపేరైంది. కానీ ఆ జూలైలోనే కుతాహ్యా, ఎస్కిషెహిర్ దగ్గర ఓడి, సైన్యం సకార్యా నది దాటి వెనక్కి వెళ్లింది. ఆగస్టులో కెమాల్ స్వయంగా సర్వసేనాధిపతి పదవి తీసుకున్నారు.

చివరికి ఆ యుద్ధం టర్కీ గెలిచింది. అసలు ఇనోను కనిపించేది ఆ తర్వాత స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో జరిగిన సంధి చర్చల్లో. 1922 నవంబర్ 20న చర్చలు మొదలయ్యాయి. ఎదురుగా లార్డ్ కర్జన్, మన బెంగాల్‌ను విభజించిన ఆ కర్జనే. అంకారాలోని కెమాల్ ప్రభుత్వం ఇచ్చిన ఆదేశాల్లో రెండు విషయాల దగ్గర మాత్రం అవసరమైతే చర్చలు తెంచుకుని వచ్చేయమని ఉంది: ఆర్మేనియన్లకు వేరే భూభాగం, కాపిట్యులేషన్లు. అంటే విదేశీయుల్ని టర్కీ కోర్టులు విచారించకూడదు, వాళ్లమీద పన్ను వేయకూడదు అనే పాత హక్కులు. ఇనోనుకు వినికిడి తక్కువ. కర్జన్ గంభీరంగా ప్రసంగించాక, వినపడనట్టే మళ్లీ మొదటి మాటకు వచ్చేవారు. పైగా ఆయన టెలిగ్రామ్‌లను బ్రిటిష్ వాళ్లు దొంగచాటుగా చదువుతున్నారు! 1923 ఫిబ్రవరి 4న చర్చలు తెగాయి. ఏప్రిల్‌లో మళ్లీ కూర్చున్నారు, అప్పుడు కర్జన్ రాలేదు. జూలై 24న సంతకాలయ్యాయి. 28వ అధికరణం చదవండి, కాపిట్యులేషన్లు పూర్తిగా రద్దు.

అన్నీ దక్కాయని చెప్పను. టర్కీ కోరిన మోసుల్ ప్రాంతం సంగతి అక్కడ తేలలేదు, 1926లో ఇరాక్‌కు పోయింది. నల్ల సముద్రానికి దారి అయిన బోస్ఫరస్, దార్దనెల్స్ జలసంధుల్లో సైన్యం పెట్టుకునే హక్కు 1936లో మోంత్రో ఒప్పందం దాకా రాలేదు. కస్టమ్స్ సుంకాలు 1929 దాకా ఇష్టం వచ్చినట్టు పెంచలేకపోయారు. కొత్త దేశం పరిశ్రమలు పెట్టుకోవాల్సిన సమయంలో ఇది పెద్ద దెబ్బ.

హైదరాబాద్ వాళ్లకో మాట. 1924 మార్చిలో ఖిలాఫత్‌ను రద్దు చేసినప్పుడు ప్రధాని ఈయనే. దేశం విడిచిన ఆఖరి ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్ 1931లో నిజాం పెద్దకొడుకును పెళ్లాడి మన నగరానికి వచ్చారు.

రెండో ప్రపంచ యుద్ధంలో 1943 జనవరిలో అదానాలో, డిసెంబర్‌లో కైరోలో యుద్ధంలోకి రమ్మని చర్చిల్ ఎంత ఒత్తిడి తెచ్చినా, ఆయుధాలు ముందు ఇవ్వండి అంటూ కాలం సాగదీశారు. టర్కీ యుద్ధం ప్రకటించింది 1945 ఫిబ్రవరిలోనే, అదీ పేరుకే.

ఇక్కడే ఆయన ఖాతాలో పెద్ద మచ్చ ఉంది. 1942 నవంబర్‌లో వచ్చిన ఆస్తి పన్ను. ఎవరికెంతో స్థానిక కమిటీలే నిర్ణయించేవి, అప్పీలు లేదు. గ్రీకులు, ఆర్మేనియన్లు, యూదుల మీద ముస్లింల కన్నా ఎన్నో రెట్లు వేశారు. కట్టలేనివాళ్ల సరుకు వేలం వేసి, మనుషుల్ని తూర్పు టర్కీలోని అష్కలే శిబిరానికి రాళ్లు కొట్టడానికి, మంచు తీయడానికి పంపారు. కొందరు అక్కడే చనిపోయారు. 1944 మార్చిలో రద్దు చేసినా, పోయిన దుకాణాలు తిరిగి రాలేదు. యుద్ధకాలపు అవసరం అని దీన్ని సమర్థించేవాళ్లతో నేను ఏకీభవించను.

చివరిగా ఎన్నికలు. 1946లో ఓటు బహిరంగం, లెక్కింపు రహస్యం, అంటే పూర్తిగా తలకిందులు. 1950 ఫిబ్రవరి చట్టంతో రహస్య ఓటు, బహిరంగ లెక్కింపు, న్యాయమూర్తుల పర్యవేక్షణ వచ్చాయి. ఒక రాష్ట్రంలో ఎక్కువ ఓట్లొచ్చిన జాబితాకే దాదాపు అన్ని సీట్లూ పోయే పద్ధతిని మాత్రం ఆయన పార్టీ తన లాభం కోసమే అలాగే ఉంచుకుంది. మే 14న అదే వాళ్లను ముంచింది: దాదాపు 40 శాతం ఓట్లొచ్చినా, 487 సీట్లలో 70 కూడా దక్కలేదు. సైన్యాన్ని పిలవకుండా, ఆ నెలలోనే ఇనోను పదవి దిగి ప్రతిపక్ష నాయకుడిగా పార్లమెంటులో కూర్చున్నారు.