గాలియార్డ్: ఆరు మాత్రలు, ఐదు అడుగులు

అందరికీ నమస్కారం.

పదహారో శతాబ్దపు ఇటలీ, ఫ్రాన్స్, ఇంగ్లండ్ రాజసభల్లో హుషారుకు పేరుపడ్డ నాట్యం గాలియార్డ్. మొదటి ఎలిజబెత్ రాణికి ఇదంటే ప్రాణం. దీని అడుగులు మనకు స్పష్టంగా తెలిసేది 1589లో ఫ్రాన్స్‌లో అచ్చయిన ‘ఆర్కెసోగ్రఫీ’ వల్ల. త్వానో ఆర్బో అనే మారుపేరుతో ఒక చర్చి అధికారి రాసిన ఆ పుస్తకంలో ప్రతి స్వరం పక్కనా దానికి పడే అడుగు ఉంటుంది.

ఆవర్తం ఆరు మాత్రలు. ‘తకిట తకిట’ అంటూ లెక్కపెట్టండి. మొదటి నాలుగింటికీ ఎడమ, కుడి, ఎడమ, కుడి కాళ్లను వరసగా ముందుకు విసరాలి. విసిరిన ప్రతిసారీ నేల మీదున్న కాలు చిన్నగా ఎగరాలి. ఐదో మాత్రకు పెద్ద గెంతు. ఆరో మాత్రకు ఎడమ పాదం ముందు, కుడి పాదం వెనక ఉండేలా దిగి నిలవాలి. తర్వాతి ఆవర్తం కుడికాలితో మొదలవుతుంది. గెంతును లెక్కలోకి తీసుకోరు కాబట్టి ఇవి ఐదు అడుగులే.

దిగడంలోనే చాలామంది దెబ్బతింటారు. వెనక పాదం ఒక్క క్షణం ముందు నేలను తాకాలి, ఆ వెంటనే ముందుపాదం. రెండూ ఒకేసారి పడితే ధాన్యం బస్తా కూలినట్టు ఉంటుందని ఆర్బో హెచ్చరిస్తాడు. నాలుగో విసురు మరీ ఎత్తుగా పోయినా చిక్కే: ఆ కాలు కిందికి వచ్చేసరికి గెంతాల్సిన సమయం దాటిపోతుంది. నేర్చుకునేటప్పుడు విసురులు తగ్గించి, బలాన్ని గెంతుకు దాచుకోండి.

ఇక సంగీతం. చాలా వరసల్లో నాలుగో స్వరం ఒకటిన్నర మాత్రలు సాగుతుంది, తర్వాత అర మాత్ర స్వరం, ఆపైన ఆరోది. అంటే ఐదో మాత్ర మొదలయ్యేచోట కొత్త స్వరం ఉండదు. నర్తకుడు గాలిలో ఉండేది అక్కడే. వాద్యకారులు ఆ జాగాను గమకాలతో నింపేస్తే గెంతు కనబడదు. నా దృష్టిలో ఈ నాట్యానికి జరిగే పెద్ద అన్యాయం అదే. వేగం పెంచడం ఇంకో పొరపాటు. ఇవే అడుగులు నేలకు దగ్గరగా, తేలిగ్గా, త్వరగా వేస్తే అది తూర్దియాన్ అనే వేరే నాట్యం. గాలియార్డ్‌కు ఎత్తు కావాలి, ఎత్తుకు వ్యవధి కావాలి.

తరచూ దీనికి ముందు పవాన్ అనే నెమ్మదైన నాట్యానికి వాయించేవారు. రెండు మాత్రల ఆ నడకలోని రాగాన్నే మూడు మాత్రలకు మలిచి గాలియార్డ్‌గా ఎత్తుకోవడం వాడుక. కొన్నిచోట్ల స్వరకర్తలు ఆరింటిని మూడు రెళ్లుగా విడగొడతారు. అప్పుడు కాళ్లు చెవిని నమ్మి తడబడతాయి. లోపల తకిట ఆగకూడదు.

ఇది పట్టుబడ్డాక పదకొండు అడుగులకు వెళ్లండి: పన్నెండు మాత్రల్లో పది విసురులు, పదకొండో మాత్రకు గెంతు, పన్నెండుకు నిలుపు. మధ్యలో లెక్క తప్పితే విసురులు వదిలేయండి. గెంతు, నిలుపు మాత్రం వాటి మాత్రల మీదే పడాలి, ఎదుట ఉన్న జోడీ వాటిని చూసే తన వంతు అందుకుంటుంది.