దువ్వెనలో మిగిలిన వెంట్రుకలు

సభకు నమస్కారం.

కిందటి వారం బీచ్ రోడ్డులో ఉదయం నడుస్తుంటే ఒక పెద్దాయన నన్ను ఆపారు. పోయిన భార్య దువ్వెనలోని వెంట్రుకలను కవరులో దాచుకున్నారట. "వీటిలో డీఎన్‌ఏ ఉంటుంది కదా, ఎప్పటికైనా ఆమెను తెచ్చే శాస్త్రం వస్తుందా?" అని అడిగారు. అక్కడ నిలబడి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఈ సాయంత్రం నా ప్రసంగం.

రాలిన వెంట్రుకకు చాలాసార్లు కుదురు ఉండదు. కణకేంద్రకంలోని డీఎన్‌ఏ అందులో చాలా కొద్దిగా, తునాతునకలై ఉంటుంది. కాస్త మెరుగ్గా నిలిచేది మైటోకాండ్రియా, అంటే కణానికి శక్తినిచ్చే భాగాల, డీఎన్‌ఏ. అది తల్లి వైపు నుంచి వచ్చేది కనుక ఆ కవరులో ఆమె అమ్మ, అమ్మమ్మల జాడ కూడా ఉంది. ఆ మాట తలచుకుంటే నాకే మనసు కదిలింది.

డీఎన్‌ఏను పాడుచేసేవి వేడి, తేమ. విశాఖలో రెండింటికీ కొదవ లేదు. గ్రీన్‌లాండ్‌లో గడ్డకట్టిన నేలలోనైతే 20 లక్షల ఏళ్లనాటి డీఎన్‌ఏ ముక్కలు దొరికాయి. మన విశాఖ దగ్గరి బౌద్ధ క్షేత్రం బావికొండ తవ్వకాల్లో ఎముక ముక్క ఉన్న పాత్ర బయటపడింది. అది బుద్ధుని ధాతువని, అంటే శరీర అవశేషమని నమ్ముతారు. మనవాళ్లకు దాచుకోవడం కొత్త కాదు, తిరిగి లేస్తారన్న ఆశే కొత్త.

ఆ ఆశ ఎక్కడ తడబడుతుందో క్లోనింగ్‌తో, అంటే ఒక ప్రాణి కణం నుంచి అదే డీఎన్‌ఏ గల మరో ప్రాణిని పుట్టించే పద్ధతితో, పుట్టిన డాలీ గొర్రె చెబుతుంది. అప్పటికే చనిపోయిన ఒక గొర్రె పొదుగు కణాలను శీతలీకరించి ఉంచారు. వాటితో 277 అండాలపై ప్రయత్నిస్తే, 1996లో పుట్టింది ఒక్క పిల్ల. అది పాత గొర్రె కాదు, కొత్త ప్రాణి. మన కవలలనే చూడండి: ఒకే రూపం, ఒకే డీఎన్‌ఏ, అయినా ఒకరికి దెబ్బ తగిలితే నొప్పి రెండో వారికి తెలియదు.

ఆయుష్షు పెంచే పరిశోధనలో నాకు నిజంగా నమ్మకం కలిగించేది జపాన్ శాస్త్రవేత్త యమనాకా 2006లో చూపిన మార్గం. ఎలుక చర్మ కణాలను పిండ దశలాంటి స్థితికి వెనక్కి నడిపించారు, మరుసటి ఏడాది మనిషి కణాలనూ. అయితే దానికి బతికున్న కణాలు కావాలి. అవి మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉండాలి, ఆ నత్రజని ఆవిరవుతూనే ఉంటుంది, ఎవరో ఒకరు నింపుతూనే ఉండాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత ఈ నగరం రోజుల తరబడి కరెంటు లేక ఎలా అల్లాడిందో మీకు గుర్తుంది. కాబట్టి ఇలా దాచిపెడతామనే సంస్థకు డబ్బు కట్టే ముందు అడగండి: దాచేది కణాలా, ఎండిన డీఎన్‌ఏనా? సంస్థ మూతపడితే నా నమూనా ఎవరిది?

ఆ పెద్దాయనకు నేను చెప్పదలచింది ఇంతే. అయ్యా, వెంట్రుకలను ప్లాస్టిక్‌లో కాకుండా పొడి కాగితపు కవరులో ఉంచి, పేరు, తేదీ రాయండి. ఆవిడ పుట్టింటివారికి ఏ జబ్బులు, ఏ వయసులో వచ్చాయో పక్కనే రాసి పెట్టండి. మనవలకు అది డాక్టరు దగ్గర పనికొస్తుంది. పాత ఫోనులో ఎక్కడైనా ఆవిడ గొంతు ఉంటే, దాన్ని ఇవాళే మరో చోట కూడా భద్రపరచండి. ఆ గొంతులోని పిలుపు ఏ డీఎన్‌ఏలోనూ లేదు.